మహానగరమా, దూరపు శివారా, మధ్యస్థాయి పట్టణమా: ఇల్లు మారే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

పెద్ద నగరాలు ఇంకా బతకడానికి బాగున్నాయా అని అడిగితే నగరం మొత్తానికి కలిపి ఒకే జవాబు చెప్పడం కుదరదు. కోటి మంది ఉన్న నగరంలో కూడా ఎవరి నగరం వారిదే. గడప దాటాక అరగంట, ముప్పావుగంటలో మీరు ఎక్కడెక్కడికి చేరగలరో అంతవరకే మీ నగరం. మిగతాదంతా మ్యాపులో ఉంటుంది, మీ రోజులో ఉండదు. కాబట్టి ఆ ముప్పావుగంట గీత లోపల ఉద్యోగం, బడి, ఆసుపత్రి, మనుషులు ఎంతమేరకు పడుతున్నాయో చూడటంతోనే ఎంపిక మొదలవ్వాలి.

ఇక్కడ పోల్చేవి నాలుగు: నగరం నడిబొడ్డు, నగరానికి దూరపు శివారు, రెండు లక్షల నుంచి పది లక్షల దాకా జనాభా ఉన్న మధ్యస్థాయి పట్టణం, ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కోసం చిన్న ఊరు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. నడిబొడ్డుకు ఇప్పటికీ దాని విలువ దానికి ఉంది. మధ్యస్థాయి పట్టణం చాలామంది అనుకునేదానికంటే మంచి బేరం. అద్దె తక్కువని, నగరంలోనే ఉన్నామన్న తృప్తి కూడా ఉంటుందని ఎక్కువమంది ఎంచుకునే దూరపు శివారే తరచూ రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

మహానగరాల గురించి ఎంత మాట్లాడుకున్నా, పట్టణ జనాభాలో ఎక్కువమంది ఉండేది వాటిలో కాదు. ఐక్యరాజ్యసమితి 2018 లెక్కల ప్రకారం ప్రపంచ జనాభాలో 55 శాతం పట్టణ ప్రాంతాల్లో ఉంటే, వాళ్లలో కోటికి పైబడిన మహానగరాల్లో ఉన్నది ఎనిమిదిలో ఒక వంతు. దాదాపు సగం మంది 5 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లలోనే ఉన్నారు. మధ్యస్థాయి పట్టణానికి వెళ్లడమంటే లోకానికి దూరంగా పోవడమేమీ కాదు.

జీతం, అద్దె, ప్రయాణం: మూడూ ఒకే లెక్కలో

ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో ఒక విషయం ఎత్తిచూపారు. మనుషులు రోజు మొత్తం మీద రాకపోకలకు పెట్టే సమయం, కాలం మారినా వాహనం మారినా, సగటున గంట చుట్టూనే తిరుగుతుందన్నది దాని సారం. నడిచే కాలంలో ఊళ్లు నడిబొడ్డు నుంచి రెండున్నర కిలోమీటర్లకు మించి పెద్దగా పెరగలేదు, ఎందుకంటే అరగంటలో నడవగలిగేది అంతే. రైళ్లు, కార్లు వచ్చాక వేగం పెరిగినంత మేరా ఊళ్లు సాగాయి. అంటే రోజుకు గంట అనేది మనిషి ఓపికకు దగ్గరి కొలత. శివారు ఇల్లు ఆ కొలతను రెండింతలు చేసినప్పుడు మీరు చెల్లిస్తున్నది నిద్రలోంచి, పిల్లలతో గడిపే సాయంత్రంలోంచి.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. పట్టణంలో నెల జీతం 100 అనుకోండి. అదే పనికి నగరంలో 130 ఇస్తున్నారు. నెలకు 22 పనిరోజులు, రోజుకు 8 గంటలు, అంటే 176 పనిగంటలు.

పట్టణంలో అద్దె 18, ప్రయాణ ఖర్చు 4. ఇంటి నుంచి ఆఫీసుకు 20 నిమిషాలు, రానూపోనూ కలిపి నెలకు 15 గంటలు. చేతిలో మిగిలేది 78, పెట్టిన గంటలు 191.

దూరపు శివారులో అద్దె 40, బండి, ఇంధనం, రోడ్డు రుసుములు కలిపి 12. ఒకవైపు గంటంబావు, అంటే నెలకు 55 గంటలు. మిగిలేది మళ్లీ 78. పెట్టిన గంటలు మాత్రం 231.

నడిబొడ్డులో అద్దె 55, ప్రయాణ ఖర్చు 3. ఒకవైపు 25 నిమిషాలు, నెలకు 18 గంటలు. మిగిలేది 72, పెట్టిన గంటలు 194.

ఈ మూడు వరసల్ని పక్కపక్కన పెట్టి చూడండి. 30 శాతం ఎక్కువ జీతం కోసం నగర శివారుకు వచ్చిన మనిషి చేతిలో పట్టణంలో ఉన్నప్పటికన్నా ఒక్క రూకా ఎక్కువ లేదు, పైగా నెలకు 40 గంటలు పోయాయి. ఎనిమిది గంటల పనిదినాలుగా లెక్కేస్తే ఐదు రోజులు. నడిబొడ్డుకు, శివారుకు అద్దెలో తేడా 15 కనిపిస్తుంది కానీ, ప్రయాణ ఖర్చు తీసేస్తే అసలు తేడా 6 మాత్రమే. ఆ 6 మిగుల్చుకోవడానికి 37 గంటలు రోడ్డు మీద కూర్చోవాలి. శివారులో ఇల్లు కాస్త పెద్దదే వస్తుంది. కానీ ఆ ఇంట్లో మెలకువగా ఉండే గంటలు తగ్గిపోతాయి.

మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క వరస ఇదే. జీతంలోంచి అద్దె, ప్రయాణ ఖర్చు తీసేయండి, వచ్చినదాన్ని పనిగంటలు, ప్రయాణ గంటలు కలిపిన మొత్తంతో భాగించండి. రెండు చోట్ల మధ్య తేడా పది శాతం లోపే ఉంటే డబ్బును పక్కన పెట్టి మిగతా విషయాల మీద నిర్ణయం తీసుకోవచ్చు.

ఈ లెక్క తప్పేది ఎక్కువగా ప్రయాణ సమయం దగ్గరే. ఇల్లు చూపించేవాళ్లు ఆదివారం మధ్యాహ్నం తీసుకెళ్తారు. ఫోన్‌లో మ్యాపు కూడా అప్పుడు ఖాళీ రోడ్డు సమయమే చూపిస్తుంది. వారం మధ్యలో ఒక పనిరోజు, మీరు నిజంగా బయల్దేరే సమయానికి, ఆ ఇంటి తలుపు దగ్గర్నుంచి ఆఫీసులో కుర్చీ దాకా స్వయంగా వెళ్లి చూడండి. లిఫ్టు కోసం ఆగింది, స్టాపుకు నడిచింది, బస్సు కోసం నిలబడింది, బండి పెట్టడానికి చోటు వెతికింది, అన్నీ అందులో చేరాలి. సాయంత్రం తిరిగి రండి. వాన పడే రోజు ఇంకోసారి. మూడు సార్లలో ఎక్కువ పట్టినదాన్నే లెక్కలోకి తీసుకోండి, ఎందుకంటే ఆఫీసుకు వేళకు చేరాలంటే ఏ రోజైనా ఆ సమయానికి తగ్గట్టే బయల్దేరాలి.

కొత్త ఫ్లైఓవర్ వస్తోంది, రోడ్డు వెడల్పు చేస్తున్నారు అన్న మాట నమ్మి శివారులో ఇల్లు కొనొద్దు. ఆర్థికవేత్తలు జైల్స్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ అమెరికా నగరాల సమాచారంతో 2011లో ప్రచురించిన పరిశోధనలో, రహదారి ఎంత పెరిగితే దాని మీద వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంతే పెరుగుతుందని తేలింది. రోడ్డు ఖాళీగా కనిపించగానే అంతకుముందు మానుకున్న ప్రయాణాలన్నీ మొదలవుతాయి, దూరంగా కొత్త ఇళ్లు లేస్తాయి, కొన్నేళ్లకు మళ్లీ మొదటికొస్తుంది. మెట్రో లేదా రైలు విషయం కాస్త వేరు, అది నడిస్తే సమయం నిలకడగా ఉంటుంది. అయితే పట్టాల మీద రైలు తిరుగుతున్నప్పుడే దాన్ని లెక్కలో వేసుకోండి.

శివారు సరిపోయే సందర్భాలూ ఉన్నాయి. ఉద్యోగమే ఆ శివారులో ఉంటే అది మీకు నడిబొడ్డు కిందే లెక్క. నడిచి పది నిమిషాల్లో రైల్వే స్టేషన్, అక్కణ్ణుంచి మారకుండా ఆఫీసుకు ఒకే రైలు ఉంటే గంట ప్రయాణం కూడా చదువుకుంటూనో కునుకు తీస్తూనో గడిచిపోతుంది. వారానికి రెండు రోజులే ఆఫీసు అయితే రోజు లెక్క వదిలేసి వారం మొత్తం చూడండి. అయిదు గంటల లోపైతే హాయి, పది దాటితే ఆ ఇల్లు వద్దు.

నగరం ఇప్పటికీ గెలిచేది ఎక్కడ

లూయీస్ బెటెన్‌కోర్ట్, జెఫ్రీ వెస్ట్ బృందం 2007లో నగరాల కొలతల మీద ఒక పరిశోధన ప్రచురించింది. జనాభా రెండింతలైతే ఆ నగరంలో మొత్తం వేతనాలు, పేటెంట్ల వంటివి దాదాపు 2.2 రెట్లవుతాయి, రోడ్లు, కేబుళ్ల వంటివి మాత్రం దాదాపు 1.8 రెట్లు ఉంటే చాలు. తలసరిన చూస్తే సంపాదన ఎక్కువ, ఖర్చయ్యే సరంజామా తక్కువ. అదే సూత్రం తీవ్ర నేరాలకూ, అంటువ్యాధులకూ వర్తిస్తుందని కూడా వాళ్లే చూపించారు. మనుషులు ఎక్కువగా కలుసుకునే చోట మంచీ చెడూ రెండూ వేగంగా పాకుతాయి. అయితే ఇది నగరం సగటు. సగటు కన్నా తక్కువ జీతానికి, సగటు కన్నా ఎక్కువ అద్దె కడుతూ ఉండేవాళ్లకు ఆ లాభం అందదు.

అందేది ముఖ్యంగా ఎవరికంటే, ఇద్దరూ ఉద్యోగం చేసే దంపతులకు. మధ్యస్థాయి పట్టణంలో ఒకరికి మంచి ఉద్యోగం దొరకడం కష్టమేమీ కాదు. ఇద్దరికీ, వేర్వేరు రంగాల్లో, ఒకే ఊళ్లో దొరకడం కష్టం. పట్టణానికి మారాలనుకునే కుటుంబాల లెక్క చాలావరకు తప్పేది ఇక్కడే: ఒకరి జీతం తగ్గుతుందని లెక్కేసుకుంటారు, రెండోవారి జీతం పూర్తిగా ఆగిపోతుందని ఊహించరు. దీనికి పరీక్ష ఉంది. ఇద్దరి రంగాల్లోనూ ఆ పట్టణంలో ఇప్పుడు తెరిచి ఉన్న ఉద్యోగాలు ఎన్నో ఒక నెలపాటు వెతికి రాసుకోండి. ఒక్కొక్కరికి మూడు వేర్వేరు యజమానుల దగ్గరైనా ఖాళీలు కనపడాలి. ఒకే సంస్థ కనిపిస్తే ఆ ఊరు మీకు ఊరు కాదు, ఆ సంస్థ గేటు. అది మూతపడిన రోజు ఉద్యోగం పోతుంది, ఊళ్లో ఇళ్ల ధరలు కూడా పడిపోతాయి, అమ్ముకుని వెళ్లడం కూడా కష్టమవుతుంది.

వృత్తిలో మొదటి అయిదారేళ్లలో ఉన్నవాళ్లకు, ఉద్యోగాలు తరచూ మారే రంగాల్లో ఉన్నవాళ్లకు నడిబొడ్డులో చిన్న గది అయినా మేలు. అక్కడ అద్దె కింద పోయేదాంట్లో కొంత చదువు ఫీజు అనుకోవచ్చు: పక్క టేబుల్లో కూర్చున్నవాళ్ల దగ్గర నేర్చుకున్నది తరవాత ఏ ఊరికైనా వెంట వస్తుంది.

ఇంకో విషయం డబ్బులో కొలవలేం. నగరంలో ఎవరి గొడవ వారిది. ఒంటరిగా ఉండే ఆడవాళ్లకు, పెళ్లి వద్దనుకున్నవాళ్లకు, చుట్టూ ఉన్నవాళ్లకు నచ్చని బతుకు ఎంచుకున్నవాళ్లకు ఎవరూ పట్టించుకోకపోవడమే స్వేచ్ఛ. చిన్న ఊళ్లో కష్టానికి పదిమంది పరిగెత్తుకొస్తారు, మీ ఇంటికి ఎవరొచ్చారో కూడా ఆ పదిమందికీ తెలుస్తుంది. ఇందులో ఏది మీకు బరువో నిజాయతీగా తేల్చుకోండి, ఇల్లు మారాక తెలుసుకుంటే ఆలస్యమైపోతుంది.

ఆసుపత్రి: దూరం కన్నా రాత్రి రెండు గంటల ప్రశ్న

పెద్దవాళ్లకు ప్రశాంతంగా ఉంటుందని వయసు మళ్లాక చిన్న ఊరికి తీసుకెళ్లేవాళ్లున్నారు. ఆలోచన మంచిదే, దాని వెనక ఉన్న ప్రమాదం పెద్దది. మెదడులో రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వస్తే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి సాధారణంగా నాలుగున్నర గంటలే వ్యవధి. అంతకు ముందు సీటీ స్కాన్ తీసి లోపల రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. తీవ్రమైన గుండెపోటులో మూసుకుపోయిన నాళాన్ని తెరిచే చికిత్సకు రోగ నిర్ధారణ నుంచి రెండు గంటల లోపు చేరాలంటారు వైద్యులు. గుండె ఆగిపోయినప్పుడు మెదడు దెబ్బతినడం నాలుగైదు నిమిషాల్లోనే మొదలవుతుంది. అప్పుడు ఆదుకునేది ఆసుపత్రి కన్నా ముందు పక్కనున్న మనిషి చేతులే, ఎక్కడ ఉన్నా ఇంట్లో ఇద్దరైనా ఛాతీ నొక్కే పద్ధతి నేర్చుకుని ఉండాలి.

కాబట్టి ఆసుపత్రి ఎంత దూరం అని అడిగితే సరిపోదు. ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి ఇవి అడగండి: రాత్రి రెండు గంటలకు సీటీ స్కాన్ తీస్తారా? తీసినదాన్ని చదివే డాక్టరు ఆ సమయంలో ఉంటారా? గడ్డ కరిగించే మందు ఇక్కడే ఇస్తారా, వేరే చోటికి పంపుతారా? గుండె నాళాలు తెరిచే ల్యాబ్ ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుందా? అంబులెన్స్‌లో ఆక్సిజన్, గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ ఉంటాయా? బోర్డు మీద ఇరవై నాలుగు గంటల సేవలు అని రాసి ఉన్నా, రాత్రిపూట ఒక జూనియర్ డాక్టరు మాత్రమే ఉండి పెద్దాసుపత్రికి రాసి పంపించే చోట్లు చాలా ఉంటాయి. అలా పంపితే అక్కడ పోయిన ముప్పావుగంట కూడా మీ నాలుగున్నర గంటల్లోంచే పోతుంది.

ఇంట్లో డయాలసిస్ మీద ఉన్నవాళ్లుంటే సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు. ఆ కేంద్రానికి గంట ప్రయాణం అంటే వారానికి ఆరు గంటలు అదనం, నీరసంలో ఉన్న మనిషికి. గర్భిణులకు ప్రశ్న వేరు: నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను చూసుకునే విభాగం ఎంత దూరంలో ఉంది? ఇవన్నీ ఉన్న మధ్యస్థాయి పట్టణం నడివయసు దాటినవాళ్లకు మాకు తెలిసి అన్నిటికన్నా మంచి ఎంపిక. నగరం రద్దీ ఉండదు, చికిత్స చేతికందే దూరంలో ఉంటుంది. అవి లేని ఊరైతే ఎంత పచ్చగా ఉన్నా పెద్దవాళ్లను తీసుకెళ్లొద్దు.

గాలి, చప్పుడు, వేడి: నగరం మీద వేసే నిందలో ఎంత మీ వీధిది

నగరం ఎప్పుడూ ఇలాగే ఉంటుందనుకోవడం పొరపాటు. 1952 డిసెంబరులో లండన్‌ను అయిదు రోజులు కమ్మేసిన బొగ్గు పొగమంచులో అప్పటి అంచనా ప్రకారమే దాదాపు 4,000 మంది చనిపోయారు. 1956లో చట్టం తెచ్చి ఇళ్లలో పొగ బొగ్గు వాడకాన్ని కట్టడి చేశాక పరిస్థితి మారింది. గాలి బాగుపడటం పాలన చేతిలో ఉంది, వీధి ఎంచుకోవడం మీ చేతిలో ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన పరిమితి ప్రకారం పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు, ఒక రోజు సగటున 15 మించకూడదు. చాలా పెద్ద నగరాలు దీనికి ఎన్నో రెట్లు పైన ఉన్నాయి. చిన్న ఊళ్లన్నీ కింద ఉన్నాయనీ అనుకోవద్దు. పొలాల్లో చెత్త తగలబెట్టే కాలంలో, ఇటుక బట్టీల పక్కన, కట్టెల పొయ్యిలు ఎక్కువ ఉన్న చోట పల్లె గాలి నగరం కన్నా చెడిపోవచ్చు. నగరాల్లో కొలిచే కేంద్రాలుంటాయి, చాలా ఊళ్లలో ఉండవు, తేడా అది. చిన్న కొలత పరికరం ఒకటి కొని లేదా అడిగి తెచ్చుకుని, చూస్తున్న ఇంటి కిటికీ బయట ఉదయం ఏడింటికి, రాత్రి తొమ్మిదింటికి, వారం రోజులు రాసుకోండి. చలికాలంలో చూడగలిగితే ఇంకా మంచిది, ఎందుకంటే చల్లటి గాలి నేలకు అంటుకుని పొగను పైకి పోనివ్వదు.

నగరం లోపలే ఒక వీధికీ ఇంకో వీధికీ తేడా చాలా ఉంటుంది. వాహనాలు ఎడతెగకుండా పోయే పెద్ద రహదారి నుంచి మొదటి నూట యాభై మీటర్లలో పొగ ఎక్కువ, 300 నుంచి 500 మీటర్లు దాటాక దాని ప్రభావం చుట్టుపక్కల గాలిలో కలిసిపోయే స్థాయికి వస్తుంది. రోడ్డుకు ఆనుకుని ఉన్న పెద్ద ఫ్లాటు కన్నా రెండు వీధులు లోపలున్న చిన్న ఫ్లాటు మంచిది. పడకగదిలో గాలి శుద్ధి యంత్రం పెట్టాలనుకుంటే గది ఘనపరిమాణాన్ని 5తో గుణించండి: 4 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గదికి 42 ఘనపు మీటర్లు, అంటే గంటకు 210 ఘనపు మీటర్ల శుద్ధ గాలి ఇచ్చేది కావాలి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో రాసిన చదరపు అడుగుల్ని నమ్మొద్దు, గంటకు ఎన్ని ఘనపు మీటర్లు అన్న అంకెనే వెతకండి.

చప్పుడుకు కూడా ఇదే వీధి సూత్రం. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో ఇచ్చిన సూచనలో రోడ్డు చప్పుడు రాత్రిపూట సగటున 45 డెసిబెల్స్ లోపు ఉండాలని ఉంది. ఫోన్‌లో ఉచిత యాప్‌తో కొలవొచ్చు, కొన్ని డెసిబెల్స్ అటూ ఇటూ అవుతుంది కానీ రెండు ఇళ్లను పోల్చడానికి సరిపోతుంది. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెండింతలుగా వినిపిస్తుంది. రాత్రి పదకొండింటికి, తెల్లవారుజామున అయిదింటికి ఆ ఇంటి కింద పది నిమిషాల చొప్పున నిలబడండి. లారీల వేళలు, బస్సు డిపో, మైకులు, పక్క భవనం జనరేటర్, అన్నీ అప్పుడే బయటపడతాయి.

వేడి నగరాల్లో నిజంగానే ఎక్కువ. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లోనే ల్యూక్ హోవర్డ్ లండన్‌లో రాత్రులు చుట్టుపక్కల పల్లెల కన్నా వెచ్చగా ఉంటున్నాయని కొలిచి చూపారు. కాంక్రీటు, తారు పగలంతా వేడిని పీల్చుకుని రాత్రి వదులుతాయి, చెట్లు లేకపోతే ఆవిరితో వచ్చే చల్లదనం కూడా ఉండదు. ఇల్లు చూడటానికి ఎండ రోజున సాయంత్రం ఎనిమిది తరవాత వెళ్లి పడమటి గోడకు, పైకప్పుకు అరచెయ్యి ఆనించండి. అప్పటికీ గోడ గోరువెచ్చగా తగులుతుంటే, వేసవిలో ఆ గది అర్ధరాత్రి దాకా చల్లబడదు. పై అంతస్తు తీసుకోవాల్సి వస్తే కప్పు మీద తెల్ల పూత వేయించుకునే వీలుందా అని ముందే అడగండి. పచ్చదనానికి డచ్ శాస్త్రవేత్త సెసిల్ కోనైనెండైక్ 2021లో చెప్పిన సూత్రం సులువు: ఇంట్లోంచి మూడు చెట్లు కనిపించాలి, పేటలో 30 శాతం మేర చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్లలో పార్కు ఉండాలి. మొదటిదీ చివరిదీ పది నిమిషాల్లో మీరే చూసుకోవచ్చు.

నీళ్లు

నగరాలకు నీళ్లు చాలా దూరం నుంచి వస్తాయి, అదే వాటి బలహీనత. వరుస కరవులతో కేప్‌టౌన్ నగరం 2018 ఫిబ్రవరిలో మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టింది. మామూలు అవసరాలకు మనిషికి రోజుకు 50 నుంచి 100 లీటర్లు కావాలన్నది అంతర్జాతీయంగా వాడే కొలత. నలుగురి ఇంటికి 400 లీటర్లు అనుకుంటే, మూడు రోజులు సరఫరా ఆగినా నడవాలంటే మీ వంతుకు 1,200 లీటర్ల నిల్వ ఉండాలి. అపార్ట్‌మెంటులో సంపు, పై ట్యాంకు కలిపి ఎన్ని లీటర్లో అడిగి ఇళ్ల సంఖ్యతో భాగించండి. అడిగేటప్పుడు కాపలాదారునో, అద్దెకున్నవాళ్లనో అడగండి: ఎండాకాలంలో నెలకు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయి, ఆ ఖర్చు నెలవారీ నిర్వహణ రుసుములో ఉందా, విడిగా వసూలు చేస్తారా?

చిన్న ఊళ్లో సమస్య తిరగబడుతుంది. బావి, బోరు నీళ్లు పుష్కలంగా ఉండొచ్చు, వాటిలో ఏముందో ఎవరూ చూసి ఉండరు. తేటగా ఉండటం, తియ్యగా ఉండటం పరీక్ష కాదు. ల్యాబ్‌కు పంపి ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములు దాటలేదని చూసుకోండి. మలం కలిసిందని చెప్పే ఇ.కోలి బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు. ఎక్కువ ఎరువులు వాడే పొలాల మధ్య, మరుగుదొడ్డి గుంతకు దగ్గరగా ఉన్న బోరులో నైట్రేట్ పెరుగుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. నైట్రేట్ మరిగిస్తే పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

ఇంటి నుంచి పని, చిన్న ఊరు

దూరపు కొండలు నునుపు అన్న సామెత ఈ ఎంపికకు సరిగ్గా అతుకుతుంది. 2020లో కరోనాతో ఇంటి నుంచి పని మొదలయ్యాక ఊళ్లకు వెళ్లినవాళ్లలో ఎందరో, సంస్థలు ఆఫీసుకు రమ్మన్నప్పుడు రెండు ఇళ్ల ఖర్చుతో ఇరుక్కున్నారు. మేనేజరు నోటిమాట మీద ఊరు మారొద్దు. ఎక్కడి నుంచైనా పనిచేయొచ్చని ఉద్యోగ పత్రంలోనో, మానవ వనరుల విభాగం ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా ఉండాలి. మేనేజరు మారితే నోటిమాట కూడా మారుతుంది.

ఇంటర్నెట్‌కు రెండు లైన్లు పెట్టుకోండి, వేర్వేరు సంస్థలవి. ఒకటి తీగ మీద వచ్చేదైతే రెండోది మొబైల్ టవర్ మీద. రెండూ ఒకే స్తంభం మీద పోయే తీగలైతే ఒక చెట్టు కూలితే రెండూ పోతాయి. వేగం చూసేటప్పుడు డౌన్‌లోడ్ అంకెకు మురిసిపోకుండా అప్‌లోడ్ చూడండి. ఒక వీడియో కాల్‌కు 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా ఉంటే చాలు, ఇంట్లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే 8. సాయంత్రం ఏడు నుంచి పది మధ్య, ఊరంతా ఇంటర్నెట్ వాడే వేళ కొలవండి. కరెంటు పోతే రౌటర్ నిలబడటానికి పెద్ద ఇన్వర్టర్ అక్కర్లేదు: 12 వోల్టుల, 1 ఆంపియర్ రౌటర్ 12 వాట్లు మించి తీసుకోదు, 12 వోల్టుల 7 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉన్న చిన్న డీసీ యూపీఎస్‌తో నష్టాలు పోను అయిదు గంటల దాకా నడుస్తుంది. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసే అలవాటు ఉంటే దాని సామర్థ్యం త్వరగా తగ్గిపోతుంది.

మారడం ఎలా మొదలుపెట్టాలి

ఏ ఎంపికైనా మొదటి ఏడాది అద్దెకే ఉండండి. ఎండ, వాన, చలి మూడూ ఒక్కోసారి ఆ ఇంట్లో గడపాలి. కొనే విషయానికి వచ్చినప్పుడు ఇంటి ధరను అలాంటి ఇంటి ఏడాది అద్దెతో భాగించండి. 15 లోపు వస్తే కొనడం వైపు, 20 దాటితే అద్దె వైపు మొగ్గాలన్నది ఎక్కువమంది వాడే లెక్క. పెద్ద నగరాల నడిబొడ్డులో ఇది 20 దాటడం మామూలు. అక్కడ అద్దెకుంటే డబ్బు వృథా అనే మాటకు ఈ లెక్కలో ఆధారం లేదు. పట్టణాల్లో 15 చుట్టూ కనిపిస్తే తొందరపడకుండా ఒక ప్రశ్న వేసుకోండి: గత ఏడాది ఆ వీధిలో అమ్మకానికి పెట్టిన ఇళ్లు ఎన్ని నెలలకు అమ్ముడయ్యాయి? చవగ్గా దొరికి అమ్ముడుపోని ఇల్లు కాళ్లకు సంకెల.

నగరంలో సొంతిల్లు ఉండి పట్టణానికి మారుతుంటే దాన్ని వెంటనే అమ్మకుండా అద్దెకివ్వండి. నడిబొడ్డులో ఒకసారి అమ్మేస్తే, అయిదేళ్ల తరవాత అదే పేటలో అదే డబ్బుకు తిరిగి కొనగలిగినవాళ్లు తక్కువ. పిల్లల బడి ఏడాది మధ్యలో మార్చొద్దు. మారే ముందు నెలలో రెండు వారాలు ఆ ఊళ్లో, సెలవు పెట్టకుండా, మామూలు పనిరోజుల్లాగే గడపండి. ఉదయం పని, మధ్యాహ్నం బ్యాంకు పని, రాత్రి మందుల దుకాణం, చెడిపోయిన కుళాయికి ప్లంబర్ కోసం వెతకడం. రెండో వారం చివర ఇంట్లో ప్రతి ఒక్కరినీ విడివిడిగా, పిల్లలతో సహా, ఒకే ప్రశ్న అడగండి: ఈ పద్నాలుగు రోజుల్లో నీకు దొరకనిది ఏమిటి? జవాబులు కాగితం మీద రాసి, వాటిలో ముగ్గురు విడివిడిగా చెప్పిన ఒకే మాట ఉంటే, దానికి పరిష్కారం దొరికేదాకా సామాను సర్దొద్దు.